జర అటు జరుగుండ్రి

నా మాట విని ఈ లోకంలో పక్కకు జరిగిన ప్రాణులు రెండే. రెండూ మా ఎడ్లే. అవి కూడా తోక మెలిపెడితేగాని జరిగేవి కావు. బడిలోనైతే నన్నే జరిపారు. ముందు వరుస నుంచి వెనక వరుసకు, వెనక వరుస నుంచి గోడ పక్కకు, గోడ పక్క నుంచి గడప అవతలికి. నాలుగో తరగతిలో అట్లా గడప దాటినవాణ్ని మళ్ళీ లోపలికి పోలేదు. అప్పట్లో బడిలో చెప్పేది ఉర్దూ. తెలుగు అక్షరాలు నాకు బడి మానేసిన తర్వాతే వచ్చాయి. అంటే మా పంతులు నన్ను బయటికి తోసి నాకు ఉపకారమే చేశాడన్నమాట. ఆయనకు ఆ ఉద్దేశం ఉండి ఉండదు.

అటువంటి నేను, ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకొని జరిగేటట్టు చేసిన ఒక మనిషి గురించి రాయడానికి కూర్చున్నాను. పోయిన వారం ఆమె పోయింది. అప్పటి నుంచి రోడ్డు మీద లారీ చప్పుడైతే చాలు, నా చెవిలో ఆమె గొంతు: "జర అటు జరుగుండ్రి."

చెన్నూరు దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి వెనక ఇల్లు ఆమెది. చుట్టరికం ఏమీ లేదు గాని నేను పెద్దవ్వ అని పిలిచేవాణ్ని. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో చప్పుడు వింటున్నట్టు మెడ పక్కకు వంచుకొని ఉండేది. మాట్లాడేటప్పుడు కుడిచెయ్యి ఊరుకునేది కాదు. కోళ్ళను తోలినట్టు గాలిని నెడుతూ ఉండేది. ఆ చెయ్యి చూస్తే చాలు, మనం ఎక్కడ ఉన్నా ఉండకూడని చోట ఉన్నామని తెలిసిపోయేది.

ఆమె ఇంటికి పోతే కూర్చోవడానికి చోటు దొరకదు. అరుగు అంచున కూర్చుంటే, "పడ్తవు, జరుగు." గోడకు ఆనుకుంటే, "తేలుంటది, జరుగు." అన్నీ వదిలేసి ఇంటి నడుమ కూర్చుంటే పైకి చూసి, "దూలం కింద కూసున్నవేందిరా, జరుగు." చివరికి అందరం నిలబడే మాట్లాడి వచ్చేవాళ్ళం. నేను ఒకసారి, "పెద్దవ్వా, నీ ఇంట్ల బతికి బయటపడ్డోడు ఎవడన్న ఉన్నడా?" అంటే, ఆమె నవ్వకుండా ఆలోచించి, "నువ్వు ఇంకా బయటపడలే గదా, గడపకు తల కొట్టుకుంటవు, వంగి పో" అంది. వంగే పోయాను.

ఆమె భయం అసలు రూపం చూడాలంటే మాత్రం వేములవాడ ప్రయాణంలోనే చూడాలి. ఏటా మా ఊరి నుంచి రాజన్న గుడికి మొక్కులకు బండ్లు కట్టుకొని పోయేవాళ్ళం. రోజుల తరబడి దారి. పొద్దు వాలగానే ఎక్కడో ఒకచోట ఎడ్లను విప్పి డేరాలు వేసుకోవడం. డేరా అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు వెదురు కర్రలు, వాటి మీద గోనెసంచులు విప్పి కుట్టిన గుడ్డ. పడుకుంటే కాళ్ళు బయటే ఉంటాయి.

నిజాం కాలంలో ఆ దారి ఉత్త బండ్ల బాట. బాట అంచునే డేరాలు వేసుకోవడం మా తాతల నాటి అలవాటు. కొంచెం లోపలికి పోతే అడవి, అడవిలో పులి. పులి బాట మీదికి రాదని మావాళ్ళ నమ్మకం. ఆ సంగతి పులికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నిజాం పోయి కొత్త సర్కారు వచ్చాక బాట మీద కంకర పడింది, రోలరు నడిచింది, బాట రోడ్డయింది. మందమర్రి దిక్కు నుంచి బొగ్గు లారీలు మొదలయ్యాయి. దారి మారిపోయింది గాని మా డేరాలు ఉన్నచోటే ఉన్నాయి. పులికి భయపడి లారీ కాళ్ళ దగ్గర పడుకునేవాళ్ళం.

అది తప్పని అన్నది మా పెద్దవ్వ ఒక్కతే.

"పులి గూడ ఉన్నది గదనే అవతల" అని మా మామ గొణిగితే ఆమె ఒకటే మాట అనేది: "పులి ఆకలైతేనే వస్తది. లారీకి ఆకలి లేదు అన్నా, ఊకెనే వస్తది."

ఎంత దూరం జరగాలనేదానికి ఆమెకొక పద్ధతి ఉండేది. ఇరిగిపోయిన బండి చక్రానికి ఉండే ఇనుప కట్టు ఒకటి, గుండ్రటిది, ఆమె తన బండి వెనక వేలాడదీసుకొని వచ్చేది. మజిలీ రాగానే, ఎడ్ల మెడ మీద కాడి ఇంకా దించకముందే, ఆ కట్టు తీసుకొని రోడ్డు నడుమ నిలబడేది. అటు చూసి, ఇటు చూసి, కట్టు నా చేతికిచ్చి, "నూకు" అనేది. నేను దాన్ని రోడ్డు మీద నుంచి పక్కకు దొర్లించాలి. అది దొర్లి దొర్లి ఎక్కడ పడిపోతే అక్కడి నుంచి అవతలే డేరాలు. ఇవతల ఒక చెంబు కూడా పెట్టనిచ్చేది కాదు.

"గిదేం లెక్క పెద్దవ్వా? గిది కట్టు, గది లారీ" అన్నాను.

"దీనికి కండ్లున్నయా?"

"లేవు."

"లారీకి?"

"దీపాలున్నయి గదనే."

"దీపాలు కండ్లైతే మా ఇంట్ల బుడ్డికి గూడ కండ్లున్నట్టే. నూకు."

ఇంతమంది ఉండగా నేనే ఎందుకు నూకాలని అడిగాను. "నీ చేతికి నిలకడ లేదు కొడుకా. నువ్వు నూకితే ఎటు పోతదో నీకే తెల్వది. లారీ తోలేటోడు గూడ గంతే" అంది. నాకు జీవితంలో దొరికిన ఉద్యోగం అదొక్కటే, అది కూడా చేతగానితనానికి.

ఒక ఏడు వేళాకోళం చేద్దామని నా బలమంతా పెట్టి నూకాను. కట్టు పొలంగట్టు ఎగిరి, తుమ్మపొద దూకి, పోయి పోయి వాగులో పడింది. నేను నడుం మీద చేతులు పెట్టుకొని, "ఇగ చెప్పు, వాగుల పండుకుందామా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె వాగు వైపు చూసి, "వాగుల ఎందుకు, వాగవతల" అంది. బండ్లన్నీ వాగు దాటించేసరికి పొద్దు గుంకింది. మా మామ నన్ను తిట్టిన తిట్లలో కొన్ని నాకు అప్పటిదాకా తెలియనివి కూడా ఉన్నాయి.

అయితే ఒకటి. ఇందరిని జరిపి, ఎడ్లను జరిపి, పొయ్యిరాళ్ళను కూడా జరిపించి, ఆమె మాత్రం తన చాప తెచ్చుకొని అందరికన్నా రోడ్డు వైపు అంచున పరుచుకునేది. మేం లోపల, ఆమె మొదట. అది నాకు మహా ఒళ్ళుమంట.

"మమ్మల్ని జరుపుతివి, నువ్వేంది గాడ?"

"నేను లోపటికొస్తే మీరు ఒక్కొక్కలు మల్ల ఇటు జరుగుతరు. నాకెర్క లేదా మీ సంగతి?"

మా ఇంటామె ఇది విని నన్ను మోచేత్తో పొడిచేది, నువ్వే ఆ ఒక్కొక్కడివి అన్నట్టు. ఆమెకు పెద్దవ్వ అంటే నా కన్నా ఎక్కువ. ఇందులో నాకు అసూయ కూడా లేదు, నా కన్నా ఎక్కువ కానివాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

ఊళ్ళో జనం దీనికొక కథ అల్లారు. ఆమె మొగుణ్ని ఏదో మోటారు తొక్కేసిందని, అప్పటి నుంచి బుర్ర చెదిరిందని. కథ బాగుంది గనక నేను కూడా పదిమందికి చెప్పాను. ఒకరోజు పల్లీలు ఒలుస్తూ ఉండగా ఆమెనే అడిగేశాను.

"మీ పెద్దబాపును మోటరు తొక్కుడేందిరా? చలిజ్వరం వచ్చి పోయిండు. మంచంల."

"మరి లారీ అంటే గింత భయమెందుకే? నీ దగ్గరోళ్ళు ఎవలూ దాని కింద పడలే గదా?"

ఆమె పల్లికాయ చిదిమి, గింజలు నా చేతిలో పోసి, "పడలే గనకనే గదరా భయం. పోయినోళ్ళ కోసం ఎవలన్న భయపడ్తరా? ఉన్నోళ్ళ కోసం గదా" అంది.

పల్లీలు తిని లేచి వచ్చాను.

ఇక ఒక ఉయ్యాల సంగతి, మావైపు తొట్టెల అంటాం. మా పెద్దబిడ్డకు పుట్టెంట్రుకలు తీయించడానికి పోతున్న ఏడు. మందమర్రి దాటాక ఒకచోట రోడ్డు దిగుతూ మెలిక తిరుగుతుంది. పొద్దెక్కాక మా బండ్లు ఆ దిగుడులోకి వచ్చేసరికి ఒక బొగ్గు లారీ మమ్మల్ని దాటుకొని, నల్లటి దుమ్ము లేపుకుంటూ కిందికి పోయింది. దుమ్ము తగ్గాక చూస్తే, మెలిక దగ్గర రోడ్డు అంచున వేరే ఊరి వాళ్ళ డేరాలు ఉన్నాయి. ఆసిఫాబాదు దిక్కువాళ్ళు, మాటల్లో మరాఠీ కలుస్తోంది. వాళ్ళు ఒక బండిని రోడ్డుకు ఆనించి నిలబెట్టి, కాడి కట్టే నొగలు పైకెత్తి కట్టి, ఆ నొగలకు చీర తొట్టెల కట్టారు. తొట్టెలలో పసిపిల్ల. లారీ పోయిన గాలికి తొట్టెల ఇంకా ఊగుతోంది, ఈ కొస నుంచి ఆ కొసకు.

తొట్టెల పక్కన పెద్ద రుమాలు చుట్టుకున్న ముసలాయన, పిల్లకు తాతట, బీడీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. మేం చూస్తున్నామని సంబరంగా చెప్పాడు: "సూసిన్రా, ఊపే పనే లేదు! లారీ పోతది, తొట్టెల ఊగుతది. పొద్దటిసంది పిల్ల ఏడుస్తే ఒట్టు!"

నాకు ముందు నవ్వొచ్చింది. అంతలో పెద్దవ్వ మొహం చూశాను. రక్తం లేదు. బండి ఆగకముందే దిగింది.

"అన్నా, జర అటు జరుగుండ్రి. దండం పెడ్తా. పిల్లను అటు కట్టుండ్రి."

"అటు అడవి ఆజీ. పులి తిరుగుతుందట. గీ రోడ్డు మీద మాకేం ఫికర్ లేదు." వాళ్ళ దిక్కు ముసలమ్మను ఆజీ అంటారు.

"అడవి దాక వద్దు. గా రాళ్ళ అవతలకు."

"గాడ గాలి రాదు."

పెద్దవ్వ బండి వెనక్కి పోయి కట్టు తెచ్చింది. నా చేతికిచ్చింది. "నూకు."

నాకు సిగ్గేసింది, పరాయివాళ్ళ ముందర. అయినా నూకాను. ఆ రోజు నేను బలం పెట్టలేదు, వేళాకోళం చెయ్యలేదు. కట్టు మెల్లగా దొర్లి, రోడ్డు దిగి, సరిగ్గా బండి నొగల కిందికి పోయి, తొట్టెలకు తగిలి, అక్కడే పడింది. లోపల పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది.

ముసలాయన, "మా పిల్లను ఏడిపియ్యనీకి వచ్చిన్రా ఏంది? పోండ్రి, పోండ్రి, మీ తొవ్వ మీరు పోండ్రి" అన్నాడు. మా మామ కూడా, "నడువే, వాళ్ళ పిల్ల వాళ్ళ ఇష్టం. సోమారం వరకు అందుకోవాలె మనం" అని విసుక్కున్నాడు.

పెద్దవ్వ కట్టు తీసుకుంది. రోడ్డు నడుమకు పోయి కింద పెట్టింది. అందులో కూర్చుంది, గంప కింద మూసిన కోడి లాగా. జీవితమంతా రోడ్డుకు ఆమడ దూరం జరుగుతూ, జరుపుతూ వచ్చిన మనిషి నడిరోడ్డు మీద!

"ఏం జేస్తున్నవే?" అని పరుగెత్తాను.

"వాళ్ళు జరిగితే లేస్త."

"లారీ వస్తే?"

"గందుకే కూసున్న. నన్ను చూసి ఆగుతది. పిల్ల తొట్టెలను చూసి ఆగుతదా?"

రెక్క పట్టి లాగాను. కదలలేదు. అంత సన్నటి మనిషి అంత బరువు ఎక్కడ దాచిందో. నవ్వించి లేపుదామని ఏదో అనబోయాను.

అప్పుడు వినబడింది ఇంజను చప్పుడు. అక్కడ రెండు పక్కలా గుట్టలు. చప్పుడు ఆ గుట్టకు తగిలి ఈ గుట్ట మీద పడుతోంది. పైనుంచి వస్తోందా, కిందినుంచి వస్తోందా తెలియదు. నేను పైకి చూశాను, కిందికి చూశాను. మెలిక తప్ప ఏమీ కనబడలేదు. మా బిడ్డను భుజాన వేసుకొని మా ఇంటామె తొట్టెల దగ్గర నిలబడి పిల్ల తల్లి మీద అరుస్తోంది: "ముందు పిల్లనన్న తియ్యి అక్కా!" ఆ తల్లి చేతులు ముందుకు చాచింది, తన మామ, ఆ ముసలాయన మొహం చూసింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ముసలాయన బీడీ ఆరిపోయింది గాని నోట్లోంచి తీయలేదు.

లారీ కిందినుంచి వచ్చింది. మెలిక తిరగగానే హారను, అరుపు, చక్రాల కింద కంకర నలిగిన చప్పుడు. నేను పెద్దవ్వ రెక్క వదల్లేదు. ధైర్యం అనుకోకండి, వేళ్ళు బిగుసుకుపోయాయి. లారీ ముందుచక్రం ఇనుప కట్టు అంచు ఎక్కి ఆగింది. ఇంజను వేడి మా మొహాలకు తగిలింది.

డ్రైవరు సాయిబు, గడ్డం నిండా బొగ్గు దుమ్ము. దూకి వచ్చాడు. "మర్నే కా షౌక్ హై క్యా అమ్మా? చావనీకి నా లారీయే దొరికిందా? బాల్ బచ్చేవాలా ఆద్మీని, పిల్లలున్నోణ్ని!"

పెద్దవ్వ మెడ పక్కకు వంచి, తొట్టెల వైపు చెయ్యి చూపించింది.

డ్రైవరు తిరిగి చూశాడు. పైకెత్తిన నొగలు, చీర తొట్టెల, అందులోంచి బయటికి వచ్చిన చిన్న కాలు. కోపం ఎటు పోయిందో పోయింది. ముసలాయన దగ్గరికి నడిచి మెల్లగా అడిగాడు: "పెద్దమనిషీ, పొద్దటి నుంచి గిక్కడనే ఉన్నదా గీ పిల్ల?"

"ఔ. మీ లారీలకు బ్రేకులుంటయి గదా."

"ఉంటయి. తొక్కుతం. ఆగుడు, ఆగకపోవుడు వాటి మర్జీ." తన లారీ వైపు వేలు చూపించాడు. "గిది ఖాళీ బండి, పైకి ఎక్కుతుంది, గందుకే ఆగింది. బొగ్గు నింపుకొని పైనుంచి దిగేటప్పుడు గీ మెలికల నేను బండి తోలను. దువా చదువుకుంట కూసుంట, అంతే. ఇంతకు ముందు నిండుగ దిగిన లారీ తోలింది మా తమ్ముడు."

ఆ ముసలాయన నోరు తెరవక ముందే కోడలు తొట్టెలలోంచి పిల్లను తీసి గుండెకు పెట్టుకుంది. ఇక చూడాలి ఆ ముసలాయన్ని. డేరా గూటాలు తానే పీకుతున్నాడు, రుమాలు ఊడి మట్టిలో పడితే దాన్ని తొక్కుకుంటూ, "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అందరినీ తోలుతున్నాడు. రాళ్ళ అవతల ఆగలేదు, అడవి దాకా పోయాడు. పులి ఉంటే అదే జరిగి ఉంటుంది. డ్రైవరు, క్లీనరు కూడా ఒక చెయ్యి వేసి బండిని తోశారు.

ఇంత అయ్యాక పెద్దవ్వ లేవలేకపోయింది. నేను, మా ఇంటామె చెరో పక్క పట్టుకొని లేపాము. నీళ్ళిస్తే చెంబెడూ తాగింది.

"నాకు మస్తు భయమైంది కొడుకా" అంది.

"మరి లేవకపోయినవు?"

"లేస్తే ఇంకా భయమైతుండె."

ఆ తర్వాత ఆ కట్టు గుండ్రంగా లేదు. ఒక పక్క వంగిపోయింది. నూకితే సూటిగా పోదు, చెట్ల మీదికి పోతుంది, మనుషుల మీదికి వస్తుంది. ఒకసారైతే సగం దూరం పోయి, మలుపు తిరిగి, మళ్ళీ రోడ్డు మీదికే వచ్చి పడింది. "ఇగ లెక్క ప్రకారం ఊరంత రోడ్డు అవతలికి పోవాలె" అన్నాను. ఆమె దాన్ని తీసి దుమ్ము తుడిచి, "దీనికి గూడ భయం పట్టిందిరా. మల్ల నూకు" అంది. కొత్తది తెస్తానంటే వద్దంది.

ఆ భయం నాకూ అంటింది. ఇప్పుడు బస్సులొచ్చాయి, వేములవాడకు బండ్లలో పోయేవాళ్ళు తగ్గారు. అయినా ఎక్కడ రోడ్డు పక్కన డేరా కనబడినా, చుట్టూ చూసి, అందులో పిల్లలున్నారా అని చూస్తాను. చెప్పాలా వద్దా అని నిలబడతాను. చెబుతాను. నవ్వుతారు. నాకు నవ్వించడం అలవాటే గనక వాళ్ళు నవ్వితే తప్పులేదు, జరగకపోతేనే ఇంటికొచ్చాక అన్నం దిగదు.

పోయిన వారం ఆమెను పాతిపెట్టడానికి బొందలగడ్డకు మోసుకుపోయాము. మా బొందలగడ్డకు ఒకప్పుడు రోడ్డు చాలా దూరం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందరి కంచె, తుమ్మచెట్లు అన్నీ పోయి, ఇప్పుడు గడ్డ అంచూ రోడ్డు అంచూ ఒకటే. లోపల చోటు లేక, రోడ్డు దగ్గరే బొంద తీశారు. వంకర కట్టును ఎవరో తెచ్చి మట్టి మీద పెట్టారు. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు వస్తే మాటలు వస్తాయి, అది నా రోగం. రోడ్డు మీద ఒక లారీ పోయింది, మా పంచెలన్నీ గాలికి ఎగిరాయి.

"చూసినవా" అన్నాను మా ఇంటామెతో. "బతికినన్ని రోజులు మనల్నందరిని జరుపుకుంట వచ్చె, ఆఖరికి తనే వచ్చి రోడ్డు పక్కన పండుకునె."

మా ఇంటామె కళ్ళు తుడుచుకుంది. నేను నిలబడ్డ చోటు చూసింది, నా వెనక రోడ్డును చూసింది.

"ఆమె ఎన్నడన్న మనతోని లోపట పండుకున్నదా? రోడ్డుకూ మనకూ నడుమ ఒకలు ఉండాలె గదా, ఉన్నది. నువ్వు మాట్లాడుడు బంజేసి జర ఇటు జరుగు."